రేవు చెరువులో చక్రాలు ఆపిందెవరు?

2024 వర్షాకాలం. ఏలూరులో ఒక పాత మేడ మీద రెండు గదుల్లో మా ఆఫీసు. మేం చేసే పనేమిటో చుట్టాలకు చెప్పి ఒప్పించడం నాకు ఇప్పటికీ కష్టమే. "సెల్ టవర్లు బాగుచేస్తావటమ్మా?" అని అడుగుతారు. అవునంటే అబద్ధం, కాదంటే మరో అరగంట వివరణ. ఆ వివరణ ఇక్కడ రెండు మాటల్లో ఇస్తాను.

సెల్‌ఫోన్ కంపెనీ టవరు ఊరందరిదీ. ప్రైవేట్ నెట్‌వర్క్ అంటే ఒక సంస్థ తన ఆవరణ కోసం తానే పెట్టుకున్న చిన్న టవరు, తానే ఇచ్చుకున్న సిమ్ములు. ఆ సిమ్ములు మనుషుల ఫోన్లలో కన్నా యంత్రాల్లోనే ఎక్కువ ఉంటాయి. ఏ యంత్రాన్ని లోపలికి రానివ్వాలి, వచ్చినది నిజంగా అదేనా, వచ్చాక అది ఎవరితో మాట్లాడుతోంది, ఇవన్నీ కనిపెట్టి ఉండటం మా ఉద్యోగం. తాడేపల్లిగూడెం దగ్గరి ఒక రైస్ మిల్లు, పెదవేగి వైపు ఒక పామాయిల్ కర్మాగారం, కొల్లేరు దాటాక కైకలూరు దగ్గర సూర్యనారాయణ గారి రొయ్యల చెరువులు అప్పట్లో మా ఖాతాదారులు.

రొయ్యల చెరువు ప్రాణమంతా నీళ్ళలో కరిగిన గాలిలో ఉంటుంది. ఆ గాలి కోసం నీళ్ళను చిలికే చక్రాలను ఏరేటర్లంటారు. ఎండ ఉంటే నీళ్ళలోని నాచు కూడా కొంత గాలినిస్తుంది. మబ్బు పట్టిన రోజున ఈ చక్రాలు కాసేపు ఆగితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఇంకాసేపు ఆగితే పంట పోయినట్టే. సూర్యనారాయణ గారి దగ్గర ప్రతి చెరువు గట్టు మీదా ఒక కంట్రోలర్ ఉంది. చెరువుల మీద అందరూ దాన్ని 'పెట్టె' అంటారు, నేనూ అలాగే అంటాను. పెట్టెలో ఒక సిమ్. ఆఫీసులోని టాబ్లెట్ మీద నొక్కితే ఆ చెరువు చక్రాలు తిరుగుతాయి, ఆగుతాయి. అక్కడ మామూలు ఫోన్ సిగ్నల్ సరిగా అందదు కనుక ఆయన సొంత టవరు వేయించుకున్నారు. అమర్చినవాళ్ళు వేరే కాంట్రాక్టర్లు. వాళ్ళు పని ముగించి వెళ్ళాక నిఘా బాధ్యత మాకు అప్పగించారు. మేం చేరిన మొదటి నెలలోనే ఈ సంగతి జరిగింది.

పొద్దున్నే సూర్యనారాయణ గారు ఫోన్ చేశారు.

"మేడం గారండీ, ఏ చెరువు ఎవరు ఆపారో మీ కంప్యూటర్లో పడుతుందటండీ కదా. నిన్న పొద్దుటిది తీసి, కరీముల్లా పేరున్న కాగితం ఒకటి పట్టుకొస్తారాండీ?"

"ఏం జరిగిందండీ?"

"రేవు చెరువు తేలిపోయిందండి. ఎవరో చక్రాలు ఆపేశారు. దేవుడి దయవల్ల చూశారు కాబట్టి చాలావరకు దక్కింది. ఎవరో అంటున్నాను గానీ, ఎవరో తెలుసండి."

కరీముల్లా ఆ చెరువుల మీద ఎలక్ట్రీషియన్. ఏలూరు మనిషి. వాళ్ళ నాన్న తివాచీలు నేసేవాడు, ఇతను మోటార్లు చుట్టడం నేర్చుకున్నాడు. ముందురోజు పొద్దున అతను తాటిచెట్ల చెరువు చక్రాలను టాబ్లెట్ మీద ఆపాడు. అది తప్పేమీ కాదు. విసురు వల వేసి రొయ్యల సైజు చూసుకునేటప్పుడు చక్రాలు ఆపడం అన్ని చెరువుల మీదా అలవాటే. కానీ అదే సమయంలో అవతలి గట్టున రేవు చెరువు చక్రాలూ ఆగిపోయాయి. అది ఎవరూ గమనించలేదు. రొయ్యలు పైకి తేలాక మేత వేసే మనిషి కేక పెట్టాడు. కరీముల్లా తాళం చెవి పట్టుకుని పరిగెత్తి, పెట్టె తెరిచి, మీటను ఆటో నుంచి చేతి స్విచ్ వైపు తిప్పి చక్రాలు నడిపించాడు.

అందరికంటే ముందు వెళ్ళి కాపాడినవాడి మీదే అనుమానం ఎందుకు వచ్చిందంటే, రేవు చెరువు పెట్టెకు ఇంకా టవర్ అందలేదని అక్కడ అందరి నమ్మకం. టాబ్లెట్ మీద ఆ చెరువు గడి మొదటినుంచీ బూడిదరంగులోనే ఉంది. కాంట్రాక్టర్లు దాని మీద 'పని జరుగుతోంది' అని రాసి వెళ్ళారు. టాబ్లెట్‌తో సంబంధం లేని పెట్టె ఆగిందంటే ఒక చెయ్యి ఆపి ఉండాలి. ఆ పెట్టె తాళం చెవి ఉన్నది ఒక్క చేతిలో. తర్కం వరకు చూస్తే తప్పు పట్టలేం. తప్పంతా టవర్ అందలేదన్న మొదటి మాటలో ఉంది, ఆ మాటను పరీక్షించినవాళ్ళు లేరు.

ఆయన అడిగిన కాగితం తీయడం ఒక్క నిమిషం పని. లాగ్ అంటే యంత్రం తనంతట తాను రాసుకునే దినచర్య. అందులో 'కరీముల్లా, తాటిచెట్ల చెరువు, ఆపు' అని ఉంది. ఇది పట్టుకెళ్తే అక్కడ సగం రుజువుగా చెల్లుతుందని నాకు తెలుసు. అందుకే దాన్ని పక్కన పెట్టి మా నెట్‌వర్క్ వైపు జాబితా తెరిచాను. టాబ్లెట్‌కు తెలిసేది పెట్టె తన పేరు చెప్పుకున్నప్పుడే. టవరుకు మాత్రం ఏ సిమ్ మాట్లాడుతోందో పేరుతో పని లేకుండానే తెలుస్తుంది. రేవు చెరువు పెట్టెలోని సిమ్, అందరూ చచ్చిందనుకుంటున్న ఆ సిమ్, వారాల తరబడి శుభ్రంగా మాట్లాడుతోంది. మాట్లాడుతూ అది చెప్పుకుంటున్న పేరు మాత్రం తనది కాదు. తాటిచెట్ల చెరువు పేరు చెబుతోంది. అదే పేరుతో తాటిచెట్ల చెరువులోని అసలు పెట్టె కూడా వస్తోంది.

ఒకే కుర్చీకి ఇద్దరు మనుషులు. ఒకరు వచ్చి కూర్చుంటే, పెట్టెలకు ఆజ్ఞలు అందించే సర్వర్ రెండోవారిని లేపేస్తోంది. కాసేపటికి వాళ్ళు వచ్చి వీళ్ళను లేపుతున్నారు. కూర్చున్నంతసేపట్లో ఎవరికి వారు చివరి ఆజ్ఞ ఏమిటో చదువుకుని పోతున్నారు.

కాంట్రాక్టర్ల ఇంజనీరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. కారు తీసుకుని కైకలూరు బయలుదేరాను.

చెరువుల దగ్గర షెడ్డు ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. సూర్యనారాయణ గారు, ఆయన బావమరిది పాపారావు గారు, నలుగురైదుగురు పనివాళ్ళు ఉన్నారు. చెరువుల మీద పెత్తనం పాపారావు గారిదే. కరీముల్లా కొంచెం ఎడంగా మోటారు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటి మబ్బు విడిపోయి ఎండ ఫెళ్ళున కాస్తోంది.

"కాగితం తెచ్చారాండీ?" అన్నారు పాపారావు గారు.

"తెచ్చాను. కానీ ఇవ్వనండీ. అందులో ఉన్నది సగమే."

"ఆ సగం చాలండి. మిగతా సగం సాయంత్రం గుళ్ళో తేలిపోతుంది."

అప్పుడు తెలిసింది. సూర్యనారాయణ గారు పోలీసుల దాకా పోదలచుకోలేదు. ఆయన మంచి మనిషి, మనిషిని స్టేషన్ మెట్లు ఎక్కించడం ఆయనకు ఇష్టం లేదు. అందుకని సాయంత్రం కర్పూరం వెలిగించి ప్రమాణం చేయించాలని నిర్ణయించారు. చేస్తే వదిలేస్తారు, వెనకాడితే పనిలోంచి తీసేసి కేసు పెడతారు.

"అతని దేవుడు వేరు కదండీ," అన్నాను.

"అదీ ఆలోచించామండి. ఏలూరు తీసుకెళ్ళి వాళ్ళ దర్గా దగ్గరైనా చేయించొచ్చు. మాకేం పట్టింపు లేదు," అన్నారు సూర్యనారాయణ గారు, పెద్దమనసుతోనే.

నాకు ఒళ్ళు మండింది. మండినప్పుడు గొంతు పెంచకూడదని తాడేపల్లిగూడెంలో నేను వెళ్ళే హేతువాద చర్చావేదిక పెద్దలు నేర్పారు. గొంతు పెంచితే ఎదుటివాడు మన ప్రశ్నను మర్చిపోయి మన గొంతును గుర్తుపెట్టుకుంటాడట. అందుకని మెల్లగానే అడిగాను.

"కరీముల్లా గారూ, మీరేమంటారు?"

"నాదేముందండీ మేడం గారూ. చేస్తానన్నాను. గుళ్ళో చేస్తాను, దర్గాలో చేస్తాను, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యేసి చెయ్యమన్నా చేస్తాను. దానికైతే నిజంగానే పవర్ ఉంది."

పనివాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాపారావు గారి మొహం ముడుచుకుంది.

"చూశారాండీ, ఇదీ వరస. ముహూర్తం పెట్టి పెట్టెలు మొదలెట్టిన రోజు కూడా ఇలాగే నవ్వాడు. అవతలి చెరువులవాళ్ళు రెండు నెలలుగా పిలుస్తున్నారు వీణ్ణి. పోయేవాడు పోతూ పోతూ మన నోట్లో మట్టి కొట్టిపోదామనుకున్నాడు."

"వెళ్ళదలచుకుంటే ఆ పొద్దున పరిగెత్తేవాణ్ణాండీ? గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి," అన్నాడు కరీముల్లా. ఈసారి అతని గొంతులో హాస్యం లేదు. "మేడం గారూ, మీరు అడ్డం చెప్పకండి. ప్రమాణం చేసేస్తే ఇవాళ్టితో పోద్ది. నాకు ఇంటి దగ్గర పనుంది."

ఇదీ నాకు ఎదురైన అసలు చిక్కు. నేను ఎవరి తరఫున వాదించాలని వచ్చానో ఆ మనిషే ప్రమాణం కావాలంటున్నాడు. అతనికి అది దగ్గరి దారి. నాకు మాత్రం ఆ దారి ఎక్కడికి పోతుందో కనిపిస్తోంది. ప్రమాణం చేసినవాడికి రేపు జ్వరం వచ్చినా, అతని కూతురు పరీక్ష తప్పినా, 'చూశారా, దేవుడు చూపించాడు' అంటారు. జ్వరం రాకపోతే 'ఇంకా టైముంది' అంటారు. ఒకసారి అందులోకి దిగినవాడు బతికినన్నాళ్ళూ నిందితుడే. నిర్దోషి అని తేల్చే శక్తి లేని పరీక్షను ఎవరైనా పరీక్ష అంటారా?

ఆ మాటలు అక్కడ చెప్పలేదు. సూర్యనారాయణ గారిని వేరేది అడిగాను.

"సరేనండీ, సాయంత్రం ఆయన ప్రమాణం చేస్తాడు. మీరు నమ్ముతారు. రేపో ఎల్లుండో మళ్ళీ మబ్బు పడుతుంది. రేవు చెరువు మళ్ళీ ఆగుతుంది. అప్పుడు ఎవరిచేత చేయిస్తారు?"

"మళ్ళీ ఎందుకు ఆగుతుందండీ?"

"నిన్న ఎందుకు ఆగిందో అందుకే."

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. నాకు తెలిసిందంతా చెప్పాను. పెట్టెకు టవర్ అందుతోందని, అది పక్క చెరువు పేరు చెప్పుకుంటోందని చెప్పాను. పాపారావు గారు తల అడ్డంగా ఊపారు.

"మా పెట్టె దొంగపేరు చెబుతోందంటారా మేడం గారూ? పెట్టెకేం అవసరమండీ?"

సరిగ్గా అప్పుడే కాంట్రాక్టర్ల ఇంజనీరు తిరిగి ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్ చేసి, పక్కన అందరూ ఉన్నారని అతనికి చెప్పే మాట్లాడాను.

"రేవు చెరువు పెట్టెకు పేరు ఎవరు పెట్టారండీ?"

అతను నిట్టూర్చాడు.

"నేనేనండి. ముహూర్తం రోజున ఆ పెట్టె కాలిపోయిందండి. స్పేర్ పెట్టె ఉంది గానీ దానికి పేరు, సర్టిఫికెట్ మా ఆఫీసు నుంచి రావాలి, సాయంత్రం అవుతుందన్నారు. ఇక్కడేమో ముహూర్తం దాటిపోతోంది, అన్ని చెరువులూ ఒకేసారి తిరగాలన్నారు. పక్క పెట్టెలోది కాపీ కొట్టి పెట్టేశానండి. తిరిగింది. అందరూ కొబ్బరికాయ కొట్టారు. టాబ్లెట్‌లో దాని గడి వెలగలేదేమంటే, టవర్ అందకపోయినా పెట్టె దానంతట అదే నడుపుతుందని చెప్పామండి."

సర్టిఫికెట్ అంటే ప్రతి పెట్టెకూ విడిగా ఇచ్చే గుర్తింపు. పేరు ఎవరైనా చెప్పుకోవచ్చు, గుర్తింపు మాత్రం ఒక్కరి దగ్గరే ఉండాలి. అది కూడా కాపీ అయిపోతే సర్వర్‌కు తేడా తెలియదు.

"తర్వాతైనా మార్చలేదేమండీ?"

"మార్చాలంటే పెట్టె ఆపాలండి. ముహూర్తానికి మొదలెట్టింది మొదటి పట్టుబడి అయ్యేదాకా ఆపకూడదన్నారండి. పాపారావు గారే చెప్పారు, ఆయన్నే అడగండి. పంట పట్టాక వచ్చి మారుద్దామనుకున్నాం."

ఫోన్ పెట్టేశాను. పాపారావు గారు చెరువు వైపు చూస్తున్నారు.

"అంటే ఏంటండీ, ముహూర్తానిదా తప్పు?" అన్నారు చివరికి.

"ముహూర్తానికి చేతులు లేవండీ, తప్పు చేయడానికి. పని పూర్తికాకుండానే పూర్తయిందనిపించిన తొందరది. అయినా నా మాట నమ్మొద్దు, ఆ ఫోన్లో మాటా నమ్మొద్దు. మీరే చూడండి."

ఏం చేయాలో చెప్పాను. ఎండ బాగా ఉంది కనుక కాసేపు చక్రాలు ఆగినా రొయ్యలకు ఇబ్బంది లేదు. కరీముల్లా రేవు చెరువు పెట్టె మీటను మళ్ళీ ఆటోకు తిప్పి, తాళం వేసి, చెవి సూర్యనారాయణ గారికి ఇచ్చి మా పక్కనే కూర్చోవాలి. టాబ్లెట్ పాపారావు గారు తీసుకుని తాటిచెట్ల చెరువు గట్టుకు వెళ్ళాలి. ఎప్పుడు నొక్కుతారో మాకు చెప్పకూడదు. ఆయనకు ఇష్టమైనప్పుడు నొక్కాలి, లేదా అసలు నొక్కకుండా మమ్మల్ని బోల్తా కొట్టించాలి.

"నేను చెప్పకుండా నొక్కాలంటారు," అన్నారు పాపారావు గారు. ఆయనకు ఆ మాట నచ్చినట్టే ఉంది.

"మీరు నాకు అనుకూలంగా నొక్కుతారని ఎవరూ అనరు కదండీ."

ఈసారి సూర్యనారాయణ గారే నవ్వారు.

రేవు చెరువు గట్టు మీద నిలబడ్డాం. చక్రాలు తిరుగుతున్నాయి, తెల్లటి నురగ ఎగురుతోంది. కరీముల్లా గడ్డిపోచ కొరుకుతూ కూర్చున్నాడు. అవతల పాపారావు గారు టాబ్లెట్ పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ నడిచారు. నొక్కుతున్నట్టు వంగారు, లేచారు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. రెండు పెట్టెలూ వంతులవారీగా వస్తాయి కనుక కొంత ఆలస్యం అవుతుందని నాకు తెలుసు. తెలిసినా, కళ్ళ ముందు జరిగేదాకా మనసు ఊరుకోదు.

మాకు దగ్గరగా ఉన్న చక్రం ముందు ఆగింది. తర్వాత దాని పక్కది. ఒక్కొక్కటిగా మోటార్ల చప్పుడు తగ్గి, గట్టు మీద మా ఊపిరి మాకే వినిపించేంత నిశ్శబ్దం అయింది. నురగ మెల్లగా విడిపోయింది.

సూర్యనారాయణ గారు ఫోన్ తీశారు. "పాపారావూ, నొక్కావా?"

"నొక్కాను బావా, ఇందాకే. అక్కడ ఆగిందా?"

"ఆగింది."

"మళ్ళీ చేస్తాను. చెప్పకు."

మళ్ళీ చేశారు. ఈసారి ముందు నడిపించి, కాసేపు ఊరుకుని, తర్వాత ఆపారు. రేవు చెరువు అలాగే నడిచింది, అలాగే ఆగింది. మూడోసారి కూడా చేశారు. మేత వేసే మనిషి అప్పుడు గుర్తుచేసుకున్నాడు. "ఇంతకుముందు కూడా రెండు మూడుసార్లు ఆగి తిరిగిందండి ఇది. ఎండగా ఉంది కదా, కరెంటు పోయి వచ్చిందనుకున్నాను." వల వేసిన ప్రతిసారీ ఆగుతూనే ఉందన్నమాట. మబ్బు లేకపోవడం వల్ల ఎవరికీ పట్టలేదు.

పాపారావు గారు గట్టు మీదుగా తిరిగి వచ్చారు. కరీముల్లా ముందు ఆగి, ఏదో చెప్పబోయి, టాబ్లెట్ అతని చేతిలో పెట్టారు.

"ఇంద. నువ్వే చూసుకో. నాకు దీన్తో చెమటలు పట్టాయి."

"ఆయ్, నాకు నిన్నటినుంచీ పట్టాయండి," అన్నాడు కరీముల్లా. ఆ తర్వాత అతను చెరువు అంచుకు దిగి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ఎవరూ అటు చూడలేదు.

సూర్యనారాయణ గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నారు. "సాయంత్రం అది జరిగిపోయి ఉంటే, రేపు నా పంటా పోయేదండి, ఆ మనిషీ పోయేవాడు." ఊపిరి వదిలి, "ఇప్పుడు ఆ పెట్టె ఆపి పేరు మార్చండి" అన్నారు. నేను మారుస్తుండగా తల పైకెత్తి ఎండ వైపు చూశారు. "రాహుకాలం కాదు కదా?" అన్నారు. "పంచాంగం చూడకండి," అన్నాను. చూడలేదు.

కాంట్రాక్టర్ల ఆఫీసు నుంచి పెట్టెకు సొంత పేరు, సొంత సర్టిఫికెట్ వచ్చాక టాబ్లెట్ మీద రేవు చెరువు గడి మొదటిసారి పచ్చగా వెలిగింది. ఆ రోజే మా సర్వర్‌లో ఒక నియమం రాశాను. ఒకే పేరుతో రెండు సిమ్ములు వస్తే రెండిటినీ ఆజ్ఞలకు దూరంగా పెట్టి, చక్రాలు తిరుగుతున్నవి తిరుగుతూ ఉండగానే మమ్మల్ని లేపాలి. ఏ సిమ్ ఏ పెట్టెలో ఉండాలో ముందే కట్టిపెట్టి, వేరే పెట్టెలో కనిపిస్తే లోపలికి రానివ్వకూడదు. మా సొంత టవరు లోపల ఉన్నదంతా మావాళ్ళే అనుకోవడం మా వృత్తిలో అన్నిటికన్నా ఖరీదైన భ్రమ. కంచె బయటివాణ్ణి ఆపుతుంది. లోపల ఉన్నవాడు తన పేరు నిజమే చెబుతున్నాడా అని కంచె అడగదు, మనమే అడగాలి.

ఈ ఉదంతాన్ని కొత్తగా చేరే ఇంజనీర్లకు ఇప్పటికీ చెబుతాను. విన్నాక ఒకరిద్దరు తప్పక అంటారు, 'పల్లెటూరివాళ్ళ మూఢనమ్మకం' అని. అప్పుడు వాళ్ళను ఆపుతాను. 'నేను తాటిచెట్ల చెరువు పెట్టెను' అని ఆ పెట్టె రోజుకు ఎన్నోసార్లు ప్రమాణం చేసింది. లక్షలు పోసి కట్టిన మన వ్యవస్థ ప్రతిసారీ నమ్మింది. కర్పూరం ముందు నిలబెట్టిన మాటను నమ్మడానికీ, తెర మీద కనిపించిన పేరును అడగకుండా నమ్మడానికీ నాకు తేడా కనిపించదు. రెండు చోట్లా చెప్పిందే రుజువు అయిపోయింది. నిజం తెలియాలంటే ఎవరో ఒకరు ఎండలో గట్టు మీద నిలబడి, మీట నొక్కించి, చక్రం ఆగుతుందో లేదో చూడాలి. అంతకంటే గొప్ప విద్య నాకేమీ తెలియదు.

ఈ ఏడాది సూర్యనారాయణ గారు ఇంకో నాలుగు చెరువులు కలిపారు. పెట్టెలు రాకముందే ఫోన్ చేశారు. "మేడం గారండీ, మీ పరీక్షలన్నీ ఏ రోజుకి అయిపోతాయో చెప్పండి. ముహూర్తం ఆ తర్వాత పెట్టిస్తాను. పెట్టెలు ముందు కరీముల్లా పాస్ చెయ్యాలండి." ముహూర్తం మానేయమని నేను వాదించాను, ఇంకా వాదిస్తున్నాను. ఆయన ఒప్పుకోలేదు. కానీ పంచాంగం మొదటిసారి పరీక్ష వెనక వరుసలో నిలబడింది. ఆ పూట ఫోన్ పెట్టేశాక నేను హాయిగా భోజనం చేశాను.